తెర మీద అంతా పచ్చగానే ఉంది, సరుకు మాత్రం రాలేదు: సప్లయర్లతో 14 నెలల నా అనుభవం

పంపులో ద్రవం బయటికి కారకుండా ఆపే ఒక్క సీల్ దొరక్క మా పంపుల అసెంబ్లీ లైన్ 9 పనిదినాలు ఆగిపోయింది. నిజానికి కరువైంది సీల్ కూడా కాదు, అందులో ఉండే సిలికాన్ కార్బైడ్ రింగు. అరచేతిలో ఇమిడిపోయే నల్లటి రింగు. ఒకరు ఆగినా ఇంకొకరు ఉంటారన్న ధైర్యంతో ఆ సీల్‌ను ఇద్దరు సప్లయర్ల దగ్గర కొంటూ వచ్చాం. ఆ ఇద్దరూ రింగును ఒకే ఫ్యాక్టరీ నుంచి తెచ్చుకుంటున్నారని లైన్ ఆగిన మూడో రోజున తెలిసింది. ఏళ్ల తరబడి ఈ పనిలో ఉండి కూడా ఆ సంగతి అంతవరకు తెలియకపోవడం నన్ను చాలా బాధపెట్టింది.

లైన్ మళ్లీ కదిలిన మర్నాటి నుంచి 14 నెలలపాటు ఏం జరిగిందో వరసగా రాస్తున్నాను. సప్లయర్ల స్టాక్, సరుకు వచ్చే తేదీలు ఎప్పటికప్పుడు మా తెర మీద కనిపించేలా చేయాలని, 6 నెలల్లో పూర్తవుతుందనుకున్న పని ఇది. సాఫ్ట్‌వేర్ వల్ల జరిగిన ఆలస్యం తక్కువ. ఎక్కువ కాలం పట్టింది సప్లయర్లు మాతో నిజం చెప్పగలిగే పరిస్థితి తేవడానికి, అందుకు ముందు మా ఇల్లు మేం చక్కదిద్దుకోవడానికి.

1 నుంచి 10వ వారం: ఎవరి వెనక ఎవరున్నారు

మొదటి వారంలోనే 11 పేజీల ఫారం తయారుచేసి 64 మంది సప్లయర్లకు మెయిల్ చేశాం. మూడు వారాల్లో తిరిగొచ్చినవి 9. వాటిలో నాలుగింటిలో ‘మీ సప్లయర్ ఎవరు’ అన్న గడి ఖాళీగా ఉంది. ఫోన్లు చేసి గట్టిగా అడిగితే మర్యాదగా ‘పంపిస్తాం సార్’ అన్నారు, పంపలేదు.

కారణం తెలుసుకోవాలంటే వెళ్లి కూర్చోవాల్సి వచ్చింది. ఒక సప్లయర్ సూటిగానే అన్నారు: ‘పేరు చెబితే రేపు మీ పర్చేజ్ వాళ్లు నేరుగా అక్కడికే వెళ్తారు. వాళ్ల రేటు తెలిస్తే వచ్చే ఏడాది నా రేటు కోస్తారు.’ ఆయన భయంలో తప్పేమీ లేదు. గతంలో ఒకరి విషయంలో మేం సరిగ్గా ఆ పనే చేశామని పాత ఫైళ్లు చూస్తే తేలింది.

అప్పుడు ఫారాన్ని ఒక్క పేజీకి కుదించాం. అందులో అయిదే ప్రశ్నలు. ఈ పార్టు ఏ ఊళ్లో, ఏ ప్లాంటులో తయారవుతుంది (హెడ్డాఫీసు చిరునామా వద్దు). ఆ ప్లాంటు పూర్తిగా ఆగిపోతే, వేరే చోట మొదలుపెట్టి మొదటి మంచి సరుకు మాకు అందించడానికి ఎన్ని వారాలు. దీనికి వాడే డై, ప్యాటర్న్ (పోత అచ్చుకు నమూనా), ఫిక్చర్ (పార్టును పట్టి ఉంచే బిగింపు) ఎన్ని సెట్లున్నాయి, ఎక్కడున్నాయి. తయారై మీ దగ్గరున్న స్టాక్ ఎంత. మీరు ఒక్కరి దగ్గరే కొనే ముడిసరుకు ఏదైనా ఉందా, ఉంటే ఏ ప్రాంతం నుంచి. చివరి ప్రశ్నలో పేరు అడగలేదు. ప్రాంతం తెలిస్తే వరదో భూకంపమో వచ్చినప్పుడు ఎవరికి ఫోన్ చేయాలో తెలిసిపోతుంది, మాకు కావలసింది అదే. ప్లానింగ్ నుంచి ఒకరు, క్వాలిటీ నుంచి ఒకరు కలిసి ఏడు వారాలు తిరిగితే 41 మంది ఆ పేజీ నింపి ఇచ్చారు. పర్చేజ్ వాళ్లను వెంట తీసుకెళ్లకపోవడం మేం చేసిన మంచి పని. వాళ్లు పక్కన ఉంటే మాట ఎటు తిరిగినా రేటు దగ్గరికే వస్తుంది.

జవాబులు చేతికొచ్చాక రెండు లెక్కలు వేశాం. ఒకటి, ఆగిన ప్లాంటు కోలుకోవడానికి పట్టే కాలం. రెండు, ఆ సరుకు రాకపోయినా మన లైన్ నడిచే కాలం. ఎమ్ఐటీలో డేవిడ్ సిమ్చీ లెవీ బృందం ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. ప్రమాదం ఎంత శాతమో ఊహించే బాధ ఇందులో లేదు. ఏ కారణంగానైనా ఆగిందనుకోండి, ఎన్నాళ్లు తట్టుకోగలం అన్నదొక్కటే చూస్తాం. సీల్ విషయంలో మా స్టోర్స్‌లో 1,800, సప్లయర్ దగ్గర 960, దారిలో 600, మొత్తం 3,360 ఉన్నాయి. రోజుకు 120 వాడతాం కాబట్టి 28 పనిదినాలు నడుస్తుంది. రింగు ఫ్యాక్టరీ కోలుకోవడానికి 10 వారాలు, అంటే మా లెక్కలో 60 పనిదినాలు. మధ్యలో ఖాళీ 32 రోజులు, 3,840 సీళ్లు.

ఇలా ఈ 41 మంది దగ్గర కొనే 410 పార్టులకూ లెక్క వేస్తే 23 పార్టుల దగ్గర ఖాళీ తేలింది. మేం నెలనెలా సమీక్షించే ఖరీదైన పార్టుల జాబితాలో వీటిలో ఒక్కటీ లేదు. ఈ 23 కలిపినా మా కొనుగోలు విలువలో నూటికి 6 వంతులు రావు. 2011 జపాన్ భూకంపం తర్వాత కార్ల కంపెనీలకు జరిగింది ఇలాంటిదే. ఒనహామాలో మెర్క్ కంపెనీకి ఉన్న ఒక్క ప్లాంటు ఆగిపోతే రంగులో మెరుపు కోసం కలిపే జిరాలిక్ అనే పిగ్మెంట్ దొరకలేదు. దాంతో కొన్ని నలుపు, ఎరుపు ఛాయల్లో కార్ల ఆర్డర్లు తీసుకోవడం ఫోర్డ్, క్రైస్లర్ ఆపుకోవలసి వచ్చింది. ఖరీదును బట్టి వరస పెట్టుకుంటే ఇలాంటివి ఎప్పటికీ పైకి రావు.

8 నుంచి 18వ వారం: మన డేటా మనకే తెలియదు

పార్టుల డేటా శుభ్రం చేయడానికి నాలుగు వారాలనుకున్నది పదకొండు వారాలు పట్టింది. ఓపిక ఎక్కువగా కావలసింది ఇక్కడే.

ఆర్డర్లు, స్టాక్ లెక్కలు ఉండే మా ఈఆర్‌పీ సాఫ్ట్‌వేర్‌లో లీడ్ టైమ్ (ఆర్డర్ పెట్టాక సరుకు అందేదాకా పట్టే కాలం) చూస్తే సగానికి పైగా పార్టులకు 30 రోజులని ఉంది. అది సిస్టమ్ మొదలుపెట్టిన రోజున ఎవరో ఒకేసారి నింపేసిన అంకె. తర్వాత ఎవరూ ముట్టుకోలేదు. గత ఏడాది ఆర్డర్ల తేదీలు, సరుకు అందిన తేదీలు తీసి చూస్తే ఒక బేరింగ్‌కు నిజంగా పడుతున్నది 74 రోజులు. మేం క్యాలెండర్ రోజులు అనుకున్నచోట సప్లయర్లు పనిదినాలు అనుకున్న సందర్భాలు పదహారు. బోల్టులను మేం సంఖ్యలో ఆర్డర్ పెడుతుంటే సప్లయర్ కిలోల్లో స్టాక్ చూపుతున్నాడు. మార్చడానికి వాడే బరువు పాత డ్రాయింగ్‌ది. కొత్త డ్రాయింగ్‌లో బోల్టు 5 మిల్లీమీటర్లు పొడవు పెరిగింది, అంటే అదే కిలోకు ఇప్పుడు తక్కువ బోల్టులు తూగుతాయి. ఆ ఒక్క పొరపాటుతో తెర మీద లేని స్టాక్ ఉన్నట్టు కనిపించేది.

ఈ పనికి బయటి కన్సల్టెంట్ సరిపోలేదు. స్టోర్స్‌లో పాతికేళ్లుగా పనిచేస్తున్న ఒక మనిషిని పూర్తికాలం ఇందులో కూర్చోబెట్టాకే పని కదిలింది. ఏ నంబరు దేనికి పాత పేరో, ఏ రెండు నంబర్లు ఒకే పార్టువో ఆయనకు నోటికొచ్చు. మీరు ఈ పని తలపెడితే అలాంటి మనిషిని మొదటి రోజే అడిగి తీసుకోండి. స్టోర్స్ మేనేజర్ ఇవ్వనంటారు. వారానికి మూడు రోజులైనా పట్టుబట్టి తీసుకోండి.

16 నుంచి 28వ వారం: సప్లయర్లను మా సిస్టమ్‌తో కలపడం

సాఫ్ట్‌వేర్ అమ్మే వాళ్లందరి మాటా ఒకటే: అందరూ మా పోర్టల్‌లోకి వచ్చేస్తే చాలు. సప్లయర్ వైపు నుంచి చూస్తే అతనికి ఎనిమిది మంది కస్టమర్లు, ఎనిమిది పోర్టళ్లు, ఎనిమిది పాస్‌వర్డ్‌లు. అన్నింటిలో అదే సమాచారం మళ్లీ మళ్లీ కొట్టడానికి ఒక గుమాస్తా. ఆ గుమాస్తా సెలవు పెడితే మన తెర మీద డేటా పాతబడిపోతుంది.

షిప్పింగ్ రంగంలో మెర్స్క్, ఐబీఎం కలిసి 2018లో తెచ్చిన, రవాణా సమాచారాన్ని అందరూ ఒకేచోట పంచుకునే ట్రేడ్‌లెన్స్ సంగతి మా చర్చల్లో చాలాసార్లు వచ్చింది. దాన్ని ఆపేస్తున్నట్టు 2022 నవంబరులో ప్రకటించారు. నడిచే ప్లాట్‌ఫామ్ తయారైంది గానీ పరిశ్రమ మొత్తం నుంచి కావలసిన సహకారం రాలేదన్నది వాళ్లు చెప్పిన కారణం. అంత పెద్ద సంస్థలకే అలా అయినప్పుడు, 64 మందిని మా ఒక్క తలుపులోంచే రమ్మనడం పొరపాటనిపించింది.

అందుకే ఆ 41 మందికి మూడు దారులు పెట్టాం. పెద్దవాళ్లు 7 మందితో ఈడీఐ, అంటే మా కంప్యూటర్, వాళ్ల కంప్యూటర్ నేరుగా మెసేజ్‌లు మార్చుకునే పద్ధతి. మేం డెల్ఫర్ మెసేజ్‌తో అంచనా, ఆర్డర్ షెడ్యూలు పంపుతాం, వాళ్లు సరుకు బయలుదేరగానే డెసాడ్వ్ అనే మెసేజ్‌తో ఆ సంగతి పంపుతారు. మధ్యస్థంగా ఉన్న 22 మంది వాళ్ల సిస్టమ్ నుంచి వచ్చే ఎక్సెల్ ఫైలును ఎలా ఉంటే అలాగే రోజుకోసారి మెయిల్ చేస్తారు, మా వైపు ఒక చిన్న ప్రోగ్రామ్ దాన్ని చదువుకుంటుంది. గడులు మార్చమని వాళ్లను అడగలేదు. చిన్నవాళ్లు 12 మందికి ఫోనే. సోమ, గురువారాల్లో మా మనిషి ఫోన్ చేసి నాలుగు అంకెలు అడిగి ఎక్కిస్తాడు. ఈ మూడో దారిని మా ఐటీ వాళ్లు మొదట ఒప్పుకోలేదు. కానీ ఆ 23 పార్టుల్లో 8 ఈ 12 మంది దగ్గరే ఉన్నాయి.

ఈడీఐ కలపడానికి మొదటి సప్లయర్‌తో 9 వారాలు పట్టింది, తర్వాతి వాళ్లతో సగటున 3 వారాలు. చిక్కులన్నీ చిన్నవే, దొరికేదాకా మాత్రం ప్రాణం తీస్తాయి. ప్యాలెట్ లేబుల్ మీద ఉండే ఎస్ఎస్‌సీసీ నంబరు 18 అంకెలు. ఒక సప్లయర్ మనిషి ఆ ఫైలును పంపే ముందు ఒకసారి ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేసేవాడు. ఎక్సెల్ సంఖ్యలో 15 అంకెల వరకే ఉంచుకుంటుంది, మిగిలిన మూడూ సున్నాలైపోతాయి. చివరి అంకె సరిచూసుకోవడానికి పెట్టిందే కాబట్టి మా సిస్టమ్ పదింటిలో తొమ్మిది లేబుళ్లను తిప్పికొట్టేది. పదోది పొరపాటున సరిపోయి లోపలికి వచ్చేది, అదే ఎక్కువ ప్రమాదం. ముందు సున్నా ఉన్న నంబర్లయితే ఆ సున్నా ఎగిరిపోయి 17 అంకెలే మిగిలేవి. ఆ కాలమ్‌ను టెక్స్ట్‌గా మార్చమని చెప్పాక తగ్గింది. అసలు ఆ ఫైలును మనిషి తెరవాల్సిన అవసరమే లేకుండా చేశాక పూర్తిగా పోయింది. ఇంకో సప్లయర్ ఫైల్లో నెల ముందు, రోజు తర్వాత. 12వ తేదీ దాటినప్పుడే తప్పు బయటపడుతుంది, అంతవరకు తేదీలన్నీ నమ్మదగినట్టే కనిపిస్తాయి.

28వ వారం సోమవారం ఉదయం తెర వెలిగింది. 23 పార్టులూ పచ్చరంగులో ఉన్నాయి. ఆ వారమంతా నాకు చాలా తేలికగా అనిపించింది.

31వ వారం: పచ్చరంగు అబద్ధం

మూడు వారాలు ఒక్క పార్టు కూడా ఎర్రబడలేదు. అంత నిమ్మళంగా ఏ ఫ్యాక్టరీ ఉండదు. అప్పుడే అనుమానించాల్సింది. 31వ వారం బుధవారం రావలసిన పంపు కేసింగుల (పంపు బయటి గుల్లల) లారీ రాలేదు. తెర మీద మాత్రం ‘అనుకున్న తేదీకే’ అని ఉంది. వాటిని పోతపోసే ఫౌండ్రీకి ఫోన్ చేస్తే లోహం కరిగించే ఇండక్షన్ ఫర్నేస్ లోపలి లైనింగ్ దెబ్బతిందని, మార్చి మళ్లీ కరిగించే స్థితికి తెచ్చేసరికి ఆరు రోజులు పోయాయని, వెనకబడిన ఆర్డర్లు ఇంకా పోస్తున్నామని చెప్పారు. లైనింగ్ పలచబడుతోందని వాళ్లకు 12 రోజుల ముందే తెలుసు.

ఎందుకు చెప్పలేదని అడిగితే ఆ ఫౌండ్రీ యజమాని మా సొంత కాగితమే తీసి చూపించారు. మేం నెలనెలా ఇచ్చే సప్లయర్ స్కోర్‌కార్డ్. అందులో ‘ఇచ్చిన తేదీ మారిస్తే 5 మార్కులు కోత’ అని ఒక వరస. తేదీ మార్చకుండా ఆలస్యంగా పంపినా కోత అయిదే. ‘ముందు చెబితే ఆ రోజే పోతాయి. చెప్పకపోతే ఎలాగో నెట్టుకొచ్చే అవకాశమన్నా ఉంటుంది కదా’ అన్నారు. వాదించడానికి మా దగ్గర మాట లేదు. మేం అడిగిన తేదీనే వాళ్లు తిరిగి మా తెర మీద రాస్తున్నారు, మేం దాన్ని సమాచారమనుకుంటున్నాం.

సాఫ్ట్‌వేర్‌ను తప్పుపట్టడానికి లేదు, చెప్పిందే చూపించింది. సెన్సర్లు పెడదాం, ఫర్నేస్ కరెంటు వాడకం నేరుగా చూద్దాం అని మాలో ఒకరన్నారు. అది ఇంకా పెద్ద తప్పయ్యేది. నిఘాలో ఉన్న మనిషి నోరు విప్పడు, పైగా లైనింగ్ గురించి ఆలోచించగలిగేది ఫర్నేస్ దగ్గరున్నవాడే, మేం కాదు.

33 నుంచి 46వ వారం: ఒక పేజీ ఒప్పందం

రాసింది ఒక్క పేజీ. దాన్ని మా ఆఫీసులోనే ఒప్పించడానికి ఏడు వారాలు పట్టింది. తర్వాత సప్లయర్ల సంతకాలకు ఆరు.

అందులో మొదటి మాట: తేదీ జారుతుందని 10 పనిదినాల ముందు చెబితే మార్కుల కోత లేదు, పెనాల్టీ లేదు, ఆ విషయం రేటు మాట్లాడేటప్పుడు ఎత్తం. చెప్పకుండా ఆలస్యమైతే కోత రెట్టింపు.

రెండో మాట మా వైపు బాధ్యత. 13 వారాల అంచనా ఇస్తాం. మొదటి 4 వారాలది ఖాయం, మేం మార్చినా సరుకు తీసుకుంటాం. తర్వాతి 4 వారాలకు మేం రద్దు చేస్తే వాళ్లు కొన్న ముడిసరుకు ఖర్చు మాది. చివరి 5 వారాలు సమాచారం కోసమే. సప్లయర్లు చదివి చదివి చూసిన పేరా ఇదే. అంతకుముందు మేమిచ్చే అంచనాను వాళ్లెవరూ నమ్మేవాళ్లు కాదు, తలా కొంత తగ్గించి ముడిసరుకు కొనేవాళ్లు. అందుకే గిరాకీ పెరిగినప్పుడల్లా అందరి దగ్గరా ఒకేసారి కొరత.

మూడోది, వాళ్ల స్టాక్, కెపాసిటీ అంకెలు ప్లానింగ్‌లో నలుగురికే కనిపిస్తాయి, పర్చేజ్ లాగిన్‌కు కనిపించవు. ఇది మాటగా చెబితే ఎవరూ నమ్మలేదు. ఇద్దరు సప్లయర్లను పిలిచి పర్చేజ్ లాగిన్‌తో తెర తెరిచి, ఆ గడులు లేవని చూపించాక నమ్మారు.

పర్చేజ్ అభ్యంతరం ఏమిటంటే పెనాల్టీ తీసేస్తే క్రమశిక్షణ పోతుందని. గత రెండేళ్లలో పెనాల్టీగా వసూలైన మొత్తాన్నీ, 9 రోజుల లైన్ ఆగుడుకు అయిన ఖర్చునూ పక్కపక్కన పెట్టాం. మొదటిది రెండోదాంట్లో పదో వంతు కూడా లేదు. ఫైనాన్స్ అభ్యంతరం నిజంగా ఆలోచించవలసింది: ముడిసరుకు బాధ్యత తీసుకుంటే ఎంతవరకు? అందుకే ఆ మాటను 23 పార్టులకే, నాలుగు వారాల వాడకానికే పరిమితం చేసి పై హద్దు రాశాం. లీగల్ వాళ్లు ఆ ఒక్క పేజీని తొమ్మిది పేజీలు చేసి తెచ్చారు. మళ్లీ ఒక్క పేజీకి తెచ్చి, తొమ్మిది పేజీల అసలు కాంట్రాక్టును వెనక ఉంచుకున్నాం. ఫౌండ్రీలో షిఫ్ట్ సూపర్‌వైజర్ గోడకు అతికించుకున్నది ఆ ఒక్క పేజీనే.

రోజువారీ నడక

ఒప్పందం రాసుకున్నాక మా తప్పులు మాకు కనిపించడం మొదలైంది. మా ప్లానింగ్ సిస్టమ్ ప్రతి రాత్రీ కొత్తగా లెక్క వేస్తుంది. ఒక కస్టమర్ ఆర్డర్ రెండు రోజులు జరిగినా కింద వందల పార్టుల తేదీలు కదులుతాయి. ఒక సప్లయర్‌కు ఒకే పార్టు మీద వారంలో అయిదుసార్లు తేదీ మారింది, చివరికి మొదటి తేదీకే తిరిగొచ్చింది. గిరాకీలో చిన్న మార్పు సప్లయర్ల దాకా చేరేసరికి పెద్దదైపోవడాన్ని కొరడా దెబ్బ ప్రభావం (బుల్‌విప్ ఎఫెక్ట్) అంటారు. 1997లో పరిశోధకుడు హౌ లీ, ఆయన సహచరులు దానికి చెప్పిన నాలుగు కారణాల్లో మొదటిది ఇదే: ప్రతి అంచె తన అంచనాను మార్చుకుంటూ పోతే చివరి వాడికి ఊపు పెద్దదవుతుంది. మేం నాలుగు వారాల కంచె వేశాం. అందులో తేదీ మారాలంటే మనిషి సంతకం కావాలి. అవతల కూడా 10 శాతం లోపు మార్పులు వారానికోసారే వెళ్తాయి.

హెచ్చరికలది ఇంకో కథ. మొదటి వారం రోజుకు 340 వచ్చాయి, రెండో వారానికే ఎవరూ తెరవడం మానేశారు. తేదీ రెండు రోజులకు మించి జారి, మన దగ్గరున్న సరుకు ఆ కొత్త తేదీదాకా సరిపోనప్పుడే హెచ్చరిక రావాలని మార్చాం. రోజుకు 12కి దిగింది. ప్రతి హెచ్చరిక మీదా ఒక మనిషి పేరు ఉండాలని, విభాగం పేరు రాయకూడదని నియమం పెట్టాం.

మంగళవారం 25 నిమిషాల కాల్. బాగున్న పార్టుల ఊసు ఎత్తం. మొదటి అయిదు నిమిషాలు మేమే మాట్లాడతాం, పోయిన వారం మేం మార్చినవి, మా వల్ల జరిగిన ఇబ్బంది. ఈ క్రమం చాలా ముఖ్యం. మేం ముందు మా లోపం చెప్పిన రెండో కాల్‌లోనే ఒక మెషినింగ్ సప్లయర్ తన దగ్గర ఇద్దరు సీఎన్‌సీ ఆపరేటర్లు వచ్చే నెల మానేస్తున్నారని చెప్పారు. అలాంటి సమాచారం ఏ ఈడీఐ మెసేజ్‌లోనూ గడి లేనిది.

49వ వారంలో నలుగురు సప్లయర్లతో 90 నిమిషాలు బల్ల దగ్గర ఒక కసరత్తు చేశాం: సోమవారం ఉదయం 6 గంటలకు రింగు ఫ్యాక్టరీ ఆగింది, ఏం చేస్తారు? మొదటి పది నిమిషాల్లోనే జాబితాలో ఉన్న మూడు ఫోన్ నంబర్లు ఉద్యోగం మానేసిన వాళ్లవని తేలింది. ప్రత్యామ్నాయ సీల్ డ్రాయింగ్‌లో ఆమోదమైంది గానీ మా ఎండ్యూరెన్స్ టెస్ట్ (పంపును వారాల తరబడి ఆపకుండా తిప్పి చూసే పరీక్ష) ఎప్పుడూ చేయలేదు, దానికి అయిదు వారాలు. మా లెక్కలో ‘రెండో సప్లయర్ ఉన్నాడు’ అని రాసుకున్నది నిజానికి అయిదు వారాల దూరంలో ఉన్నాడు. నెట్‌వర్క్ పోతే పోర్టల్ ఉండదని కూడా అప్పుడే గుర్తొచ్చింది. ఇప్పుడు 23 పార్టుల జాబితా, నంబర్లు ప్రతి నెలా ప్రింటు తీసి కంట్రోల్ రూమ్‌లో పెడుతున్నాం.

ఆ బల్ల దగ్గరే ఫౌండ్రీ యజమాని ఒక ప్రశ్న వేశారు: ‘ఆపదలో నా ప్యాటర్న్ ఇంకో ఫౌండ్రీకి ఇస్తే, తర్వాత ఆ పని నాకు తిరిగి వస్తుందా?’ ప్యాటర్న్ కాగితం మీద మాదే, కానీ లోహం ఎక్కడ పోయాలి, రైజర్ (పోత గట్టిపడేటప్పుడు లోహాన్ని అందించే అదనపు భాగం) ఎంత ఉండాలి అన్న నేర్పు ఆయనది. 1997 ఫిబ్రవరి 1న జపాన్‌లో టయోటాకు పార్టులిచ్చే ఐసిన్ సెయికి కంపెనీ కరియా ప్లాంటు కాలిపోయినప్పుడు టయోటా బ్రేకుల్లో ఒత్తిడిని అదుపుచేసే పీ-వాల్వులు దాదాపు అన్నీ అక్కడే తయారవుతున్నాయి. ఐసిన్ తన డ్రాయింగులను పంచింది, ఎన్నో కంపెనీలు, వాటిలో ఆ వాల్వు ఎప్పుడూ చేయనివీ, తలా కొన్ని చేసి పెట్టాయి. టయోటా లైన్లు రోజుల్లోనే కదిలాయి. అంతటి సాయం అడగాలంటే ముందే మాట ఇవ్వాలి. ‘అత్యవసరంగా వేరే చోటికి వెళ్లిన పని, అసలు సప్లయర్ సిద్ధమైన 30 రోజుల్లో ఆయనకే తిరిగి వెళ్తుంది’ అని ఆ వారమే ఒప్పందంలో చేర్చాం.

55వ వారం

శుక్రవారం ఉదయం 11 గంటలకు ఆ ఫౌండ్రీ నుంచే ఫోన్. కేసింగ్ కోర్ బాక్స్ (కేసింగ్ లోపలి ఖాళీ కోసం ఇసుక దిమ్మ చేసే అచ్చు పెట్టె) పగిలింది, తొమ్మిదిన్నరకు చూశారట. కొత్తది చేయించడానికి 18 పనిదినాలు. తెర మీద వాళ్లే తేదీ మార్చారు, ఎర్రరంగు వచ్చింది. ఆ ఎరుపు చూసి నాకు కలిగిన ఊరట మాటల్లో పెట్టలేను.

మా దగ్గర కేసింగులు 9 రోజులకు సరిపోతాయి, వాళ్ల దగ్గర తయారైనవి 4 రోజులకు, పోసి మెషినింగ్ కానివి 3 రోజులకు. మొత్తం 16. ఖాళీ రెండు రోజులు. మొదట నింపిన పేజీలో మూడో ప్రశ్నకు జవాబుగా ‘పాత కోర్ బాక్స్ ఒకటి ఉంది, అరిగింది’ అని రాశారు. దాన్ని బయటికి తీసి, అరిగిన చోట నింపి, మూడు కేసింగులు పోసి, ఒకదాన్ని కోసి గోడ మందం కొలిచాం. రెండు చోట్ల అర మిల్లీమీటరు ఎక్కువ, అది ఫరవాలేదు. ఆరు రోజుల్లో నెమ్మదిగానైనా పోత మొదలైంది. ఈలోగా ప్లానింగ్ ఇంకో సైజు పంపులను ముందుకు జరిపింది. లైన్ ఆగింది అర షిఫ్టు, అదీ సైజు మార్చుకోవడానికి.

ఖర్చు అడిగేవాళ్ల కోసం: మొత్తం వంద అనుకుంటే సాఫ్ట్‌వేర్, ఈడీఐ కలపడానికి 30, డేటా శుభ్రం చేయడానికి, తిరగడానికి 25, ఆ 23 పార్టులకు అదనపు స్టాక్ పెట్టడానికి 45. ఈ చివరిది ఇరుక్కుపోయిన డబ్బు. ప్రత్యామ్నాయాల టెస్టులు పూర్తయ్యే కొద్దీ తగ్గుతుంది. బడ్జెట్‌లో మేం మొదట రాసింది సాఫ్ట్‌వేర్ ఒక్కటే.

ఇప్పుడు 60వ వారం. మొదట జవాబివ్వని 23 మందిలో ఆరుగురు తర్వాత వాళ్లంతట వాళ్లే ఆ పేజీ అడిగి తీసుకున్నారు. 17 మంది ఇంకా ఇవ్వలేదు, వాళ్లలో ఇద్దరి దగ్గర ఏ పార్టు ఎంత ప్రమాదంలో ఉందో అంచనా వేయడానికే మాకు ఆధారం లేదు. ప్రత్యామ్నాయ సీల్‌కు ఎండ్యూరెన్స్ టెస్ట్ మూడో వారంలో ఉంది. టెస్ట్ బెంచ్ మీద పంపు రాత్రీ పగలూ తిరుగుతోంది, ఉదయం ఎనిమిదికి లీకేజీ కొలత రాసుకుంటున్నారు. ఇవాళ్టిది గంటకు రెండు చుక్కలు.